మంద పడుకున్న గళ్లు

నా చిన్నప్పుడు ఒక చలికాలమంతా నేను ఒక మొక్కకి భయపడ్డాను. పాములు తిరిగే లంకలో ఆడుకుంటూ, తేళ్లు దూరే గోనె సంచుల మీద కూర్చుంటూ, వేటికీ జంకని పిల్లని. ఆ మొక్కకి ముల్లు లేదు, విషం లేదు. ముచ్చటగా పువ్వు కూడా పూస్తుంది. అయినా దాని పేరు తలుచుకుంటే ఇప్పటికీ నా అరికాళ్లు చల్లబడతాయి. మా వైపు దాన్ని పొగాకు మల్లె అంటారు. అంత చక్కని పేరు పెట్టినవాళ్లెవరో గాని, వాళ్లకి పొగాకు తోట మాత్రం ఉండి ఉండదు.

అప్పటికి నాకు ఎనిమిదేళ్లుంటాయి. మా అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్లింది. మా నాన్న రాజమండ్రిలో ఒక ఆఫీసులో గుమాస్తా. ఒంటరిగా ఆడపిల్లకి జడ వెయ్యడం తన వల్ల కాదని చెప్పి, నన్ను తీసుకొచ్చి మా మేనత్త దగ్గర దింపాడు. ఆవిడ మా నాన్నకి అక్క. మా మావయ్య చిన్నవయసులోనే పోయారు, పిల్లల్లేరు. ఆవిడకి మిగిలినవి గోదావరి గట్టు కింద ఒక పెంకుటిల్లు, ఎదురుగా ఉన్న చిన్న పాయ దాటితే లంకలో పొగాకు వేసే ఒక చెక్క నేల. రోజూ పొద్దున్నే పడవ దాటి వెళ్లి, పొద్దు వాలేదాకా ఆ చెక్కలో ఉండేది. పొగాకు పసరుతో ఆవిడ చేతులు ఎప్పుడూ నల్లగా, జిగటగా ఉండేవి. నా జడ లాగి అల్లుతుంటే ఆ ఘాటుకి నాకు తుమ్ములొచ్చేవి.

రెండేళ్లుగా ఆవిడకి పంట సరిగా లేదు. వచ్చి మాతో ఉండమని మా నాన్న పోరుపెట్టేవాడు. చివరికి ఆ ఏడు ఆవిడ చేత మాట తీసుకున్నాడు, ఈసారి పంట కూడా పోతే చెక్క కౌలుకిచ్చి, ఇంటికి తాళం వేసి మా ఇంటికి వచ్చేయాలని. ఆయన ప్రేమతోనే అడిగాడు. కాని సొంత గుమ్మంలో నిలబడి పడవవాణ్ణి కేకేసి పిలిచే మనిషికి, తమ్ముడి ఇంట్లో ఓ మూల మంచం వేసుకుని, మరదలు పెట్టింది తిని పడుకోవడమంటే ఎలా ఉంటుందో ఆయనకి తోచలేదు. అది నాకే తెలిసేది. మాటిచ్చిన దగ్గర్నుంచి ఆవిడ ఇంటి గోడల్ని ఊరికే చేత్తో తడుముతూ తిరిగేది.

మాట తీసుకున్నాడే గాని, ఆ పంట బాగా పండాలని అందరికంటే ఎక్కువ కోరుకున్నదీ మా నాన్నే. మంచివాళ్లతో వచ్చే చిక్కులన్నీ ఆయనతో ఉండేవి. అంతకు ముందు ఎండాకాలంలో అక్క చెక్కలో గొర్రెల మంద కట్టించాడు. మా వైపు పొగాకు రైతులకి దాన్ని మించిన ఎరువు లేదు. కాపరులు పగలంతా గొర్రెల్ని మేపుకొచ్చి, సాయంత్రం ఖాళీ పొలంలో నాలుగు వైపులా దడి పాతి అందులోకి తోలతారు. తెల్లారేదాకా అవి అక్కడే పడుకుంటాయి. మర్నాడు ఆ దడి పీకి పక్కనే పాతుతారు. అలా గడి పక్కన గడిగా పొలమంతా ఎరువు పడుతుంది. మంద కోసం రైతులు వంతులు వేసుకుని కాచుకునేవారు.

మా అత్త వంతు చాలా వెనక. ఆ మంద కింది లంకలో పొగాకు మోళ్లు మేసి, అక్కణ్ణుంచి వరి మాగాణుల్లోకి పోయి, అక్కడ కొన్నాళ్లు తిరిగాక గాని మా వైపు రాదు. మా నాన్న కాపరిని బతిమాలి, మాగాణులకి పోకముందే దాన్ని నేరుగా అక్క చెక్కకి తోలించాడు. వేసవి సెలవులు కాబట్టి ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆడపెళ్లివారు విడిది చూసుకున్నంత శ్రద్ధగా ఆయన దడి చుట్టూ తిరిగాడు. చెక్కలో సగం మేర మంద పడింది. మిగతా సగం పడకముందే కాపరికి వేరే ఊరి నుంచి పిలుపొచ్చి వెళ్లిపోయాడు. మా అత్త చెక్క మెరక మీద ఉంది కాబట్టి, ఆ ఏడు వరద కూడా దాని అంచుల దాకా వచ్చి వెనక్కి పోయింది.

నేను చలికాలంలో వెళ్లేసరికి తోట నా భుజాల దాకా ఉంది. మంద పడిన సగం నల్లగా నిగనిగలాడుతోంది. పడవ దాటేవాళ్లందరూ ఆగి చూసి, ఈ ఏడు మీకు తిరుగులేదండి అని మెచ్చుకునేవారు. మా అత్త తలూపేది గాని, ఆవిడ మొహంలో సంతోషం లేదు. పొద్దున్నే మంచులో తోటంతా తడితడిగా, నిండుగా కనబడేది. ఆవిడ పొద్దుటి తోటని చూసేదే కాదు. కూలివాళ్లు అన్నాలకి కూర్చున్నాక, మిట్టమధ్యాహ్నం ఎండలో వరసల మధ్య ఒక్కతే నడిచేది. ఎందుకని అడిగితే, పొద్దున్న అందరూ బాగానే కనబడతారు అమ్మడూ అంది.

ఒక మధ్యాహ్నం నన్ను కూడా తీసుకెళ్లింది. ఒక మొక్క దగ్గర ఆగింది. చుట్టూ నేలలో తడి ఉంది, ఆకుకి పురుగు లేదు, మచ్చ లేదు. అయినా ఆ ఒక్క మొక్కే ఆకులు వేలాడేసి నిలబడింది. మా అత్త మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో మట్టి తవ్వింది. బెత్తెడు లోతున, పొగాకు వేరుని పట్టుకుని ఒక తెల్లటి గడ్డ ఉంది. వెల్లుల్లిపాయంత ఉంటుంది. ఒంటి నిండా పొలుసులు, పైకి తిరిగిన ఒక మొన. నేల పైకి ఇంకా ఏమీ రాలేదు. అది ఆ చీకట్లోనే లావెక్కుతోంది. బతికే ఉందా అని అడిగాను.

“బతుకుతున్నది ఇదేనే,” అంది మా అత్త. “పైనున్నది దీనికి వండిపెడుతోంది.”

తరవాత మట్టి కప్పకుండా అక్కడే కూర్చుని నాకు దాని సంగతంతా చెప్పింది. దానికి ఆకు లేదు, పచ్చదనం లేదు, తన తిండి తాను చేసుకోవడం చేతకాదు. సొంత వేరు కూడా లేదు, పక్కవాడి వేరులోకి నోరు దింపుకుంటుంది. ఎండలో నిలబడి పొగాకు ఆకు సంపాదించిందంతా కిందికి లాగేసుకుంటుంది. మనకి కనబడేలా నేల చీల్చుకుని పైకి వచ్చేసరికి అది తినాల్సిందంతా తినేసి ఉంటుంది. పైకి వచ్చేది పూసి గింజ రాల్చడానికే.

ఆ గింజ కూడా చూపించింది. ఎక్కడో గట్టు మీద నిరుడు పూసి ఎండిపోయిన మల్లె కాడ ఒకటి దొరికితే, దాని కాయని తడి అరచేతిలో తట్టింది. ముక్కుపొడిలాంటి దుమ్ము రాలింది. ఆ పొడిలో ప్రతి రేణువూ ఒక విత్తనమేనట. నేలలో ఏళ్ల తరబడి పడుకుంటుందట. వాన కురిసినా లేవదు, నాగలి తిరగేసినా లేవదు. పొగాకు వేరు తన పక్కకి వచ్చి, ఆ వాసన తగిలినప్పుడే కళ్లు తెరుస్తుంది. మా అత్త ఆ చెయ్యి పాయలో కడుక్కోలేదు. కుంపటి నిప్పుల మీద దులిపి, బూడిదతో తోముకుంది. నీళ్లలో కలిస్తే కింది లంకలవాళ్ల పొలాల్లోకి పోతుందంది. ఆ రోజు నుంచి నేను చెక్కలో వట్టి కాళ్లతో అడుగు పెట్టలేదు. నా పాదాల వాసన కూడా దానికి తెలుస్తుందేమోనని నా భయం.

ఆ తరవాత కొద్ది రోజులకే నేల పగలడం మొదలైంది. ఒక పొద్దున మొక్క మొదట్లో మట్టి చిట్లి ఉండేది. మర్నాటికి అందులోంచి పాలిపోయిన వేలులాంటిది పైకి వచ్చేది. ఒకచోట పీకి పక్కకి తిరిగేసరికి ఇంకోచోట. కూలికి వచ్చిన ఆడవాళ్లు వంగి పీకుతున్నా తరగడం లేదు. పువ్వు విచ్చకముందే పీకాలని మా అత్త వాళ్ల వెంటపడేది. పీకినా ఊరుకోదట అది, గట్టు మీద పడేస్తే తనలో మిగిలిన సారంతోనే పూసి గింజ కడుతుందట. అందుకని పీకిన ప్రతిదీ గోనె సంచిలో వేయించి, గోతిలో కాల్పించేది. మరీ వేరుకి అంటుకున్నవాటి తల మీద కిరసనాయిలు చుక్క వేసేది. తోటంతా పచ్చి వాసన, పొగ వాసన, కిరసనాయిలు వాసన కలిసి నాకు అన్నం సహించేది కాదు.

ఆ కూలివాళ్లలో ఒకావిడ సాయంత్రం ఇంటికి వెళ్తూ ఒక మోపు మల్లె చంకన పెట్టుకుంది. కాల్చడం దేనికండి, గేదెకి పడేత్తే కమ్మగా తింటది అంది. లంకలో అందరూ అలాగే చేసేవారు. మా అత్త ఆ మోపు లాక్కుని, బదులుగా ఇంత పచ్చిగడ్డి ఇస్తానని చెప్పి నచ్చజెప్పబోయింది. గేదె తిన్న గింజ దాని కడుపులో చావదని, పేడలో పడి, పెంటతో పాటు మళ్లీ పొలంలోకే వస్తుందని చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. మోపు చేతిలో ఉండగానే తోట వైపు తిరిగింది. తరవాత దాన్ని కింద పడేసి గబగబా గట్టు మీది కాపలా మంచె ఎక్కింది. ఆవిడ వెనకే నేనూ ఎక్కాను.

పైనుంచి చూస్తే తోట రెండు ముక్కలుగా ఉంది. మంద పడని సగంలో మల్లె ఒకటీ అరా తప్ప లేదు. మంద పడిన సగంలో, పొగాకు మొదళ్ల దగ్గర తెల్లటి మల్లె గుంపులు గుంపులుగా లేచి, ఎవరో కొలిచి గీసినట్టు చదరంగా ఆగిపోయాయి. ఒక గడి, దాని పక్కన ఇంకో గడి. మేం ముగ్గుపిండితో గీసుకునే తొక్కుడుబిళ్ల గళ్లలా ఉన్నాయి. ఆ గళ్లు నాకు తెలుసు. ఎండాకాలంలో వాటి చుట్టూ మా నాన్న తిరుగుతుంటే నేను చూశాను. అవి గొర్రెలు పడుకున్న చోట్లు కదూ అత్తా అని అనబోయాను. మాట సగంలో ఉండగానే మా అత్త నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

“మీ నాన్నకి చెప్పకు,” అంది. “ప్రేమగా తెచ్చాడు. తెలిస్తే తట్టుకోలేడు.”

కింది లంకలో ఆ గొర్రెలు మోళ్లతో పాటు ఎండిన మల్లె కాడల్ని కూడా మేశాయి. దార్లో మాగాణుల్లో కొన్నాళ్లు తిరిగి ఉంటే కడుపు ఖాళీ అయిపోయేది. మా నాన్న తొందర వల్ల అదంతా తెచ్చి మా అత్త నేలలో పోశాయి. ఆవిడ ఇంటిని నిలబెట్టడానికి ఆయన చేసిన పనే ఆ ఇంటికి తాళం వేయించబోతోంది. ఇది నా ఎనిమిదేళ్ల బుర్రకి కూడా అర్థమైంది. ఆ తరవాతి రోజుల్లో గళ్లలోని మొక్కలు ఒక్కొక్కటీ పసుపు తిరిగాయి. ఆకు పలచబడి, బరువు లేకుండా వేలాడింది. మా అత్త పీకుతూనే ఉంది, కాలుస్తూనే ఉంది.

ఒక ఆదివారం మా నాన్న వచ్చాడు. నాకు తమ్ముడు పుట్టాడని, నన్ను తీసుకెళ్తానని చెబుతూ పడవ దిగకముందే నవ్వుతున్నాడు. తోట చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. ఒక మొక్కని పట్టుకుని ఆకు తిప్పి చూశాడు. ఈ మల్లె ఎక్కణ్ణుంచి దాపురించిందో అని మథనపడ్డాడు. మా అత్త వంగి ఇంకో మల్లె పీకింది. నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను. తెలిసిన మాట నోట్లో పెట్టుకుని కూర్చోవడం అంత బరువని నాకు అప్పటిదాకా తెలియదు.

కాసేపటికి ఆయనే అక్కని ఓదార్చడం మొదలుపెట్టాడు. పోనీ, అనుకున్న ప్రకారం మా ఇంటికి వచ్చేయమన్నాడు. కౌలుకిచ్చే ముందు నేలకి కాస్త సత్తువ ఉంటే మంచి కౌలుదారు దొరుకుతాడు కాబట్టి ఈ ఎండాకాలం మళ్లీ మంద కట్టిస్తానన్నాడు. అంతటితో ఆగలేదు. చుట్టుపక్కల చెక్కలవాళ్లు కూడా నిరుడు మీ అక్కకి కుదిర్చినట్టే మాకూ కుదర్చమని అడిగారట. కాపరితో మాట్లాడేశానని, వరి మాగాణుల దాకా పోకుండా కింది లంక నుంచి నేరుగా అందరి పొలాల్లోకీ తోలుతానన్నాడని గర్వంగా చెప్పాడు. మా అత్త తలెత్తి పక్క చెక్కల వైపు చూసింది. అవతల పిల్లల తల్లి ఒకావిడ, ఇవతల ఒక ముసలి దంపతులు. వాళ్ల తోటలు పచ్చగా ఉన్నాయి.

ఆవిడ ముందు మా నాన్నకి మంచినీళ్లు ఇచ్చింది. ఆయన తాగడం అయ్యేదాకా ఆగింది. తరవాత, ఇది మందతో వచ్చింది తమ్ముడూ అంది. ఆయన నమ్మలేదు, నవ్వబోయాడు. ఆవిడ ఏమీ వాదించకుండా మంచె ఎక్కమని చెప్పింది. ఎక్కాడు. పైన ఎంతసేపు నిలబడ్డాడో నాకు తెలియదు గాని, దిగినప్పుడు ఆయన మొహం నేను గుర్తుపట్టలేకపోయాను. మాగాణుల సంగతి, గొర్రెల కడుపుల సంగతి మా అత్త నెమ్మదిగా చెబుతుంటే, నేల చూస్తూ విన్నాడు.

“అంటే నేనే తెచ్చానా?”

“నువ్వే తెచ్చావు,” అంది మా అత్త.

తెలియక చేశావులే అని ఆవిడ అంటుందని ఎదురుచూశాను. అనలేదు. ఆయన చొక్కా విప్పి మంచె మెట్టుకి తగిలించి, ప్యాంటు మడిచి తోటలోకి దిగాడు. సాయంత్రం దాకా వంగి మల్లె పీకాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. నేను వెళ్లి పిలిచినా రాలేదు. మా అత్త పక్క వరసలో పీకుతూనే ఉంది. వాళ్ల మధ్యలో గోనె సంచి నిండుతుంటే ఈడ్చుకుంటూ నేను తిరిగాను.

పొద్దు వాలాక పడవ ఎక్కబోతూ ఆయన వెనక్కి తిరిగాడు. “నాకు చెప్పకుండా ఉండాల్సింది అక్కా,” అన్నాడు.

“చెప్పకపోతే ఈ లంకంతటికీ తెచ్చేవాడివి,” అంది ఆవిడ.

గోతిలో మల్లె కాల్చే పని మిగిలి ఉందని ఆగిన మా అత్త, పడవ కదిలాక కూడా ఒడ్డునే నిలబడి ఉంది. మా నాన్న ఆ వైపు చూడలేదు. ఆకుపసరు అంటుకున్న చేతుల్ని ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ కూర్చున్నాడు. తమ్ముణ్ణి చూపించడానికి నన్ను అమ్మ పుట్టింటికి తీసుకెళ్లాడు. అక్క ఎలా ఉందని మా అమ్మ అడిగితే, బాగానే ఉందని చెప్పి పెరట్లోకి వెళ్లిపోయాడు. ఆ తరవాత ఆదివారాలు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. ఆయన లంక మాట ఎత్తలేదు. నా తమ్ముడి బారసాలకి మా అత్త వచ్చింది. ఆయన మర్యాదగా పలకరించాడు, మర్యాదగా బస్సెక్కించాడు. అంతకు ముందు వాళ్లిద్దరి మధ్యా మర్యాద అన్నది లేదు. అప్పుడు నాకు మా అత్త మీద కోపమొచ్చింది. ఆ రోజు ఊరుకుని ఉంటే మాకు ఆవిడ మిగిలేది కదా అనిపించింది. ఆవిడ ఇల్లు పోతుంది, తమ్ముడూ పోతున్నాడు, రెండూ ఒక్క మాటతో అని దుప్పటి కప్పుకుని ఏడ్చాను.

ఎండలు ముదిరాక ఒక రోజు మా నాన్న నన్ను వెంటబెట్టుకుని లంకకి బయల్దేరాడు. ముందు మా అత్త చెక్కకి వెళ్లలేదు. పక్క చెక్కలవాళ్ల ఇళ్లకి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాడు. నిరుడు మా అక్క పొలం నా తొందర వల్ల చెడిందండి, మంద కావాలంటే మాగాణుల్లో కొన్నాళ్లు తిరిగాకే తోలించుకోండి అని తన నోటితో చెప్పాడు. ముసలాయన ఏదో ఎకసెక్కంగా అన్నాడు. మా నాన్న ఆ మాట పడ్డాడు. ఆ తరవాత అక్క ఇంటికి వచ్చి, భుజం మీద మోసుకొచ్చిన సంచి గుమ్మంలో దించాడు. అందులో జొన్న విత్తనాలున్నాయి. ఎవరో వ్యవసాయం చదివినాయన్ని అడిగి తెలుసుకున్నాడట, వరద తీశాక పొగాకు బదులు ఒకటి రెండేళ్లు జొన్న వెయ్యమన్నారట. జొన్న వేరు తగిలితే మల్లె గింజ తన తిండి వచ్చిందనుకుని మోసపోయి లేస్తుంది. లేచాక నోరు దింపడానికి చోటు దొరక్క మాడిపోతుంది.

మా అత్త సంచి విప్పి గుప్పెడు గింజలు తీసి చూసింది. ఇంటికి తాళం వేసే సంగతి ఆవిడా అడగలేదు, ఆయనా ఎత్తలేదు. కాసేపటికి ఆవిడ కళ్లు తుడుచుకుని, ఎసట్లో మరో గుప్పెడు బియ్యం పొయ్యమని నాకు చెప్పింది. ఆ ఇంట్లోనే, ఆ చెక్క చూసుకుంటూనే ఆవిడ చాలాకాలం బతికింది. జొన్న తరవాత పొగాకు మళ్లీ వేసింది. మల్లె తగ్గింది గాని పూర్తిగా పోలేదు. ప్రతి చలికాలం ఏదో ఒక మూల నేల చిట్లేది. పెద్దదాన్నయ్యాక వెళ్లినప్పుడు కూడా మధ్యాహ్నం ఎండలో ఆవిడ వరసల మధ్య నడుస్తూ కనబడేది. మోసపోని గింజ ఇంకా ఎంత మిగిలి ఉందో ఎవరికీ తెలియదే అనేది.

మా నాన్న మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం నేను ఆయన పక్కన కూర్చుని ఉన్నాను. అప్పటికి మా అత్త పోయి ఏడాది దాటింది. ఎన్నాళ్లనుంచో అడగాలనుకున్నది అడిగాను, ఆ రోజు అత్త అలా మొహం మీద చెప్పినందుకు కోపం రాలేదా నాన్నా అని.

“ఇప్పటికీ ఉందే,” అన్నాడు. “కాని అదే మాట ఇంకెవరి నోటన్నా విని, మా అక్కకి ముందే తెలుసని తెలిస్తే, దాని మొహం మళ్లీ చూసేవాణ్ణి కాదు.”

ఆ మాట విన్నాక నాకు మా అత్త మీద మిగిలిన చిన్నప్పటి కోపం పోయింది. నాకిప్పుడు మనవలున్నారు. ప్రేమగా చేసిన పని బెడిసికొట్టడం ఈ ఇంట్లో కూడా చాలాసార్లు చూశాను. అలాంటప్పుడు నోరు మూసుకుంటే ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు. అయినా ఆ మనిషికి మంచినీళ్లిచ్చి, తాగేదాకా ఆగి, పక్కన కూర్చుని నేనే చెబుతాను. చెప్పేముందు ప్రతిసారీ అరికాళ్లు చల్లబడతాయి. కొందరు ఆ తరవాత నెలల తరబడి నాతో మాట్లాడలేదు. ఒకరిద్దరు ఇంకా మాట్లాడడం లేదు, వాళ్ల కోసం ఎదురుచూస్తున్నాను.